ప్రామాణిక గుప్పెడు

మా మండలి పేరు కాస్త పొడుగు. తీరప్రాంత సూక్ష్మ ఆన్‌లైన్ వ్యాపారాల సాంకేతిక ప్రోత్సాహక మండలి. బోర్డు రాయించేటప్పుడు గోడ చాలక, చివరి 'మండలి'ని పక్కనున్న సైకిల్ స్టాండు గోడ మీద రాయించారు. అందుకని కొత్తగా వచ్చేవాళ్ళు ముందు సైకిల్ స్టాండులోకి వెళతారు. అక్కడి వాచ్‌మన్ టోకెను డబ్బులు తీసుకుని మా దగ్గరికి పంపిస్తాడు. దానికీ మాకూ ఏ సంబంధమూ లేదు. నేను ఇక్కడ జూనియర్ అసిస్టెంటుని. ఫైళ్ళకు దారం కట్టడం, కట్టిన దారం విప్పడం నా విధులు. రెండూ శ్రద్ధగానే చేస్తాను.

చిన్న వ్యాపారులను బాగుచేయడానికి పుట్టిన సంస్థ ఇది. అయితే ఊరికే బాగుపడిపోతామంటే కుదరదు, కొన్ని షరతులుంటాయి. ఈ ఏడాది కొత్తగా వచ్చిన షరతు ఏమిటంటే, మా దగ్గర సాయం కోరే ప్రతి వ్యాపారీ తన లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో రాయాలి. ఆ సాఫ్ట్‌వేర్ చౌకగా ఉండాలి. ఏది కావాలో వ్యాపారి స్వేచ్ఛగా ఎంచుకోవచ్చు. ఆ స్వేచ్ఛను మండలి ఆమోదించాలి.

ఎండలు ముదిరిన రోజుల్లో కొత్తరేవు నుంచి నూకరత్నం అనే ఆవిడ దరఖాస్తు పట్టుకుని వచ్చింది. ఆవిడా, తోడికోడలు కాశమ్మా కలిసి ఎండు రొయ్యలు, ఎండు నెత్తళ్ళు ఫోన్లో అమ్ముతారు. హైదరాబాదు, బెంగుళూరు దాకా పార్సిళ్ళు వెళతాయి. వాళ్ళ కష్టమల్లా వానాకాలంతోనే. ఇసకలో వలలు పరిచి ఆరబెట్టిన సరుకు మీద ఒక్క జల్లు పడిందంటే కుళ్ళిపోవడమే. కిందటేడు అలా కుళ్ళి, ఆర్డర్లన్నీ వాపసు పోయాయి. అద్దాల పెట్టెలా ఉండే సోలార్ డ్రైయరుంటే వాన పడుతున్నా లోపల చేప ఎండుతుంది. దాని ఖరీదులో సగం మా మండలి ఇస్తుంది. ఈసారీ సరుకు పోతే వ్యాపారం మూసేసి, కాశమ్మ రొయ్యల కంపెనీలో తొక్కలు వొలిచే కూలికి పోవాలి. ఇదంతా దరఖాస్తులో రాసింది. రాయమని మేము అడగలేదు.

మా సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు ఆవిణ్ణి గదిలోకి పిలిపించారు. గణాంకాధికారిణి హైమవతి మేడమ్ కూడా ఉన్నారు. నూకరత్నం చేతిలో ఎండు రొయ్యల పొట్లం ఒకటుంది. దారిలో కొరియరు ఆఫీసులో ఇచ్చేసి పోదామని తెచ్చుకుంది. ఏసీ గది కావడంతో పొట్లం వచ్చినట్టు అందరికీ తెలిసింది. మేడమ్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"సాఫ్ట్‌వేర్ ఎంపిక ప్రక్రియను వివరించండి" అన్నారు పరాంకుశం గారు.

"అంటే ఏంటండి?"

"ఇన్ని ఉండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నారూ అని."

"అదాండి! ముందొకటి ఎక్కించుకున్నానండి, అంతా ఇంగిలీసేనండి. ఇంకోటి ఫ్రీ అన్నాడండి. నెల తిరక్కుండా మా కస్టమర్లందరికీ ఫోన్లు సేసి లోన్లిత్తానంటం మొదలెట్టాడండి. మరోటి బానే ఉంది గానండి, దాని కిరాయెడితే మా పడవకి డీజిలొచ్చేత్తదండి. ఇదైతే తెలుగండి. నెలకి నాలుగు టీల డబ్బులండి. సేప పేరు నోటితో సెబితే అదే రాసేసుకుంటదండి. పార్సిలెల్లగానే బిల్లు వాళ్ళ వాట్సాప్‌కి ఎల్లిపోద్దండి."

"అంటే మీకు అర్థమైంది కనుక ఎంచుకున్నారు."

"ఆయ్, మరేనండి."

"అర్థం కావడం సాంకేతిక అర్హత కిందికి రాదమ్మా" అన్నారాయన నెమ్మదిగా. ఆయన ఎవరి మీదా కేకలు వేయరు. పరీక్షించకుండా తిరస్కరించే అలవాటూ లేదు. "సరే, ఆ పొట్లం పద్దు రాసి చూపించండి" అన్నారు.

నూకరత్నం ఫోను నోటి దగ్గర పెట్టుకుని "ఎండు రొయ్యలు, అరకేజీ" అంది. క్షణంలో బిల్లు తయారైంది. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది. మా ఆఫీసులో ఒక బిల్లు తయారవడానికి రెండు పండగలు వెళ్ళాలి. పరాంకుశం గారు నన్ను పంపి టపా సెక్షన్లో ఉత్తరాలు తూచే కాటా తెప్పించారు. పొట్లం దాని మీద పెడితే అరకిలో కంటే బాగానే పైకి పోయింది.

"ఈ తేడా ఏమిటి?"

"కొసరండి."

హైమవతి మేడమ్ ముక్కు మీంచి కొంగు తీసేశారు. ఆడిట్ పాయింటు దొరికితే ఆవిడకు ఇక వాసనలు తెలియవు.

"సదరు కొసరు లెక్కల్లో ఎక్కడ చూపించారు?"

"కొసరుకి లెక్కేంటండీ మేడమ్ గారూ! లెక్కేసి ఏత్తే అది కొసరెలా అవుద్దండి?"

"ఆన్‌లైన్లో కొసరు ఎవరడిగారమ్మా?"

"అడగటానికి వాళ్ళిక్కడ లేరు కదండీ పాపం. ఎదర ఉంటే అడుగుదురు. అందుకని మనవే ఒక గుప్పెడేసేత్తాం. అది సూసే కదండీ మళ్ళా ఆర్డరెడతన్నారు."

"సరుకు గుమ్మం దాటింది. ధర లేదు" అని మేడమ్ పైకే అనుకుంటూ నోట్ చేసుకున్నారు. ఆ సాయంత్రమే కొత్త ఫైలు తెరిచారు. దారం నేనే కట్టాను. నూకరత్నం ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌లో కొసరు రాయడానికి వీలు లేదు కాబట్టి అది అనర్హం. కొసరున్న సాఫ్ట్‌వేర్ ఏదో మండలే వెతికి ఇస్తుంది. అంతదాకా డ్రైయరు ఆగుతుంది.

మర్నాటి నుంచి కంపెనీల వాళ్ళు వచ్చి తమ సరుకు చూపించడం మొదలుపెట్టారు. టై కట్టుకున్నతను ఒకడు, కొసరును 'డిస్కౌంట్' కింద రాసుకోవచ్చన్నాడు. డిస్కౌంటంటే ధర తగ్గడం, ఇక్కడ ధర తగ్గలేదు, సరుకు పెరిగింది అన్నారు మేడమ్. అయితే 'ఉచిత బహుమతి' అన్నాడు. బహుమతి అయితే షరతులు వర్తిస్తాయని అడుగున చిన్న అక్షరాల్లో ఉండాలి, కొసరుకు షరతులున్నాయా అని నూకరత్నాన్ని ఫోన్లో అడిగారు. లేవంది. 'తరుగు' అన్నాడు. తరిగింది ఎక్కడికి పోయింది, కస్టమరు కూరలోకే కదా అన్నారు. చివరికతను 'దానం' అన్నాడు.

"పుచ్చుకున్నవారు బీదవారని ధ్రువపత్రం ఉందా?" అన్నారు పరాంకుశం గారు.

లేదు. టై అతను టై వదులు చేసుకుని వెళ్ళిపోయాడు. వారమంతా ఇదే తంతు. ప్రపంచంలో ఇన్ని సాఫ్ట్‌వేర్లున్నాయి, ఒక్కరికీ కొసరు తట్టలేదు. మా మండలి లేకపోతే ఈ లోపం ఎప్పటికీ బయటపడేది కాదు. ఆ సంగతి వార్షిక నివేదికలో కూడా రాసుకున్నాం.

లేనిదాన్ని తయారుచేయించాలి. తయారుచేయించాలంటే కొసరు ఎంతో తేలాలి. గుప్పెడు అంది నూకరత్నం. ఎవరి గుప్పెడు? ఇద్దరినీ పిలిపించారు. ఇంజనీరింగ్ విభాగం నుంచి ఏఈ గారు కొలత పరికరాలతో వచ్చారు. నూకరత్నం చెయ్యి చిన్నది. కాశమ్మది వలలు లాగిన చెయ్యి, చేటంత ఉంది. ఏఈ గారు ఆవిడ అరచెయ్యి చూసి రెండోసారి కొలుచుకున్నారు.

"మనసు బాగున్నప్పుడు ఎక్కువ వేస్తారా?" అని అడిగారు మేడమ్.

"ఏత్తాం కదండీ" అంది కాశమ్మ. "మొన్న మా మేనకోడలికి ఆడపిల్ల పుట్టిందండి, ఆయేళ రెండు సేతులా ఏసేశాను."

రెండు చేతులా వేస్తే దోసెడవుతుంది. గుప్పెడు వేరు, దోసెడు వేరు. ఆ తేడా మీదే ఒక పూట సమావేశం జరిగింది, జీడిపప్పు పకోడీలు తెప్పించారు. ఆఖరున తీర్మానం అయింది. ఇద్దరి చేతులకూ సగటు తీసి, ఆ సగటు చేతిని ప్రామాణిక గుప్పెడుగా ప్రకటించారు. అటువంటి చెయ్యి భూమ్మీద ఎవరికీ లేదు కనుక చెక్కతో చేయించారు. అసలుది పరాంకుశం గారి గదిలో గాజు పెట్టెలో ఉంది. నకలు నూకరత్నానికి ఇచ్చి సంతకం తీసుకున్నారు. ఇక మీదట కొసరు ఆ చేత్తోనే తియ్యాలి.

ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. "ఇది ముయ్యదేంటండీ? రొయ్యలు నిలబడవు కదా, జారిపోతాయి."

"జారినవి కొసరు నష్టం పద్దు కింద రాయండి" అన్నారు మేడమ్.

"డ్రైయరు ఎప్పుడొచ్చుద్దండి మరి? ఆకాశం సూత్తే మబ్బట్టేత్తంది."

"యథోచిత చర్య నిమిత్తం పరిశీలనలో ఉంది" అన్నాను నేను. అది నేను చెప్పాల్సిన మాటే. గుమ్మం దగ్గర నిలబడినవాళ్ళకు ఏళ్ళ తరబడి అదే చెబుతున్నాను.

తొలకరి పడే వేళకు ఒక కంపెనీ కొసరు సాఫ్ట్‌వేర్ తయారుచేసుకొచ్చింది. అందులో లేనిది లేదు. కొసరు వేసిన చెయ్యి కుడా ఎడమా, వేసేటప్పుడు మనోస్థితి, కస్టమరు అడిగాడా లేక తనంతట తానే వేసిందా, అన్నీ నింపాలి. నింపాక పరాంకుశం గారి ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆయన అది చెబితే గుప్పెడు పొట్లంలో పడుతుంది. ఖరీదు విని మా టైపిస్టు నోరు వెళ్ళబెట్టాడు. ఆ డబ్బుతో కొత్తరేవులో ఇంటికో డ్రైయరు వస్తుందన్నాడు. అతనికి ఆర్థిక విషయాలు తెలియవు. పరాంకుశం గారు ఆ మొత్తాన్ని కోస్తా అంతటా ఉన్న చేపలు తినే జనాభాతో భాగించి, మళ్ళీ రాబోయే నలభై ఏళ్ళతో భాగించి చూపించారు. తలకు టీ చుక్క ఖరీదు కూడా పడలేదు. చౌక అని ఆయనే స్వయంగా ఎర్ర సిరాతో రాశారు.

సంతకాలయ్యాక కంపెనీ ప్రతినిధి సంతోషం పట్టలేకపోయాడు. "సర్, మామూలు లెక్కల భాగం కూడా ఇందులో కలిపేశాం సర్. అమ్మకాలు, కొనుగోళ్ళు, బిల్లులు. దానికి డబ్బులొద్దు సర్. మా తరఫున కొసరు" అన్నాడు.

హైమవతి మేడమ్ కలం కింద పెట్టారు. "సరుకు గుమ్మంలోకి వచ్చింది. ధర లేదు" అన్నారు.

మండలి కొసరు పుచ్చుకోవచ్చా? పుచ్చుకుంటే ఏ గుప్పెడుతో కొలవాలి? చెక్క చెయ్యి రొయ్యలకు చేయించింది గాని సాఫ్ట్‌వేర్‌కు కాదు. రేపు ఆడిట్‌లో ఎవరు సమాధానం చెబుతారు? చర్చించి చర్చించి, లెక్కల భాగాన్ని తీసేయించి వెనక్కి ఇచ్చేశారు. ప్రతినిధి కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. మా వాళ్ళు మాత్రం కదల్లేదు. నిజాయితీ అంటే అది.

ఆ విధంగా, చిన్న ఆన్‌లైన్ వ్యాపారం లెక్కలు రాసుకోవడానికి మండలి ఆమోదించిన చౌక సాఫ్ట్‌వేర్ తయారైంది. అందులో కొసరు తప్ప ఇంకేమీ రాయడానికి లేదు.

నూకరత్నం అదీ ఒప్పుకుంది. డ్రైయరు కోసం ఆవిడ దేనికైనా ఒప్పుకునేలా ఉంది. అమ్మకాలు తన నాలుగు టీల సాఫ్ట్‌వేర్‌లో రాసుకుంటూ, కొసరు మాత్రం మా దాంట్లో రాస్తూ వచ్చింది. ఓటీపీ కోసం రోజూ ఫోన్ చేసేది. పరాంకుశం గారు సమావేశంలో ఉంటే పార్సిళ్ళు ఆగిపోయేవి. ఒకసారి ఆయన తిరుపతి క్యూలో ఉండి, ఫోను లాకర్లో పెట్టేసరికి బెంగుళూరు ఆర్డరు పోయింది. ఎండ కాసిన రోజుల్లో తోడికోడళ్ళిద్దరూ ఇసక మీదే ఆరబెట్టుకుంటూ, మబ్బు కనబడితే పరుగెత్తుతూ ఎలాగో నెట్టుకొచ్చారు. దసరాకు పెద్ద ఆర్డరొచ్చింది. హైదరాబాదులో ఒక అపార్టుమెంటు వాళ్ళందరూ కలిసి అడిగారట. అది పంపగలిగితే ఈ ఏడు గట్టెక్కినట్టేనని కాశమ్మ సైకిల్ స్టాండు వాచ్‌మన్‌తో చెప్పింది.

ఈలోగా మా సాఫ్ట్‌వేర్ తొలి నివేదిక ఇచ్చింది. హైమవతి మేడమ్ దాన్ని పట్టుకుని పరాంకుశం గారి గదిలోకి దాదాపు పరుగున వెళ్ళారు.

"సర్, ఈవిడ ఇంతవరకు ఏమీ అమ్మలేదు. కొసరు మాత్రం వేస్తూనే ఉంది."

పరాంకుశం గారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. అమ్మకాల పద్దు ఒక్కటీ లేదు. కొసరు, పేజీల కొద్దీ. తనకోసం ఏమీ మిగుల్చుకోకుండా గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా జనానికి పెట్టేసింది. ఆయన లేచి నిలబడ్డారు. "ఇది వ్యాపారం కాదు మేడమ్. ఇది అన్నదానం" అన్నారు.

అన్నదానం చేసేవాళ్ళకు వ్యాపార పథకం కింద డ్రైయరు ఇవ్వడానికి వీల్లేదు. దరఖాస్తు తిరస్కరించారు. అయితే అంతటి దానశీలిని ఊరికే వదిలేయడం మండలికి మర్యాద కాదు. సన్మానం పెట్టించారు. మూడు సెక్షన్ల వాళ్ళం కుర్చీలు వేశాం. నూకరత్నాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, జరీ అంచు శాలువా కప్పారు. డ్రైయరు ఇవ్వడానికే పిలిచారనుకుని వచ్చింది పిచ్చిది. తోడుగా కాశమ్మ రాలేదు. అపార్టుమెంటు సరుకు ఆరబెట్టి కాపలా ఉంది.

పరాంకుశం గారు త్యాగం గురించి మొదలుపెట్టి కర్ణుడి దాకా వచ్చేసరికి కిటికీలు టపటప కొట్టుకున్నాయి. తూర్పున మొత్తం నల్లగా కమ్ముకుంది. నూకరత్నం లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా, మీరు స్పందించే ఘట్టం తర్వాత ఉంది."

"ఈ శాలువా తడిత్తే ఆరుద్దండి బాబుగారూ. నా సేపలారవు" అని, అలాగే శాలువాతో మెట్లు దిగి పరుగెత్తింది.

శాలువా అందినట్టు రిజిస్టరులో ఆవిడ సంతకం ఇంకా కాలేదు. హైమవతి మేడమ్ రిజిస్టరు నా చేతిలో పెట్టి ఆటో ఎక్కించారు. నేను కొత్తరేవు చేరేసరికే జల్లు మొదలైంది. ఇసక మీద బారులుగా పరిచిన వలలు, వాటి నిండా నెత్తళ్ళు, రొయ్యలు. కాశమ్మ ఒక్కత్తీ టార్పాలిన్ లాగుతోంది. గాలికి అది నిలవడం లేదు. నూకరత్నం శాలువా తీసి ఒక వల మీద పరిచి, నాలుగు పక్కలా రాళ్ళు పెడుతోంది.

"అలా సూత్తారేంటండీ, ఆ సివర పట్టుకోండి!" అని అరిచింది కాశమ్మ.

నేను రిజిస్టరు ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాను. అంతా ఇసక, నీళ్ళు. చివరికి అక్కడే పడేసి టార్పాలిన్ పట్టుకున్నాను. అయినా ఏం లాభం, వాన అడ్డంగా కొట్టింది. ఇసక మీద కాలవలు కట్టి రొయ్యలు కొట్టుకుపోతుంటే ఇద్దరాడాళ్ళూ వంగి వంగి చేతులతో ఎత్తారు. ఎత్తినవీ తడిసినవే. వాన వెలిసేసరికి వాళ్ళు లెక్క చూసుకోవలసిన అవసరం కూడా లేకపోయింది. దసరా సరుకు మొత్తం పోయింది.

నూకరత్నం మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చింది. "డ్రైయరు రాదు కదండీ?"

యథోచిత చర్య అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ చేతులు చూశాక బయటికి రాలేదు. నాకు సిగ్గేసింది.

"రాదమ్మా" అన్నాను.

"ఆ మాట ఎండాకాలంలోనే సెప్పుంటే అప్పో సప్పో సేసి కొనుక్కునేవోళ్ళం కదండీ" అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. "సంతకం ఎక్కడెట్టాలండి?"

ఇసకలోంచి రిజిస్టరు తీశాను. కాగితాలు అంటుకుపోయి విడిపోలేదు. అట్ట మీదే పెట్టింది సంతకం. మర్నాటి నుంచి కాశమ్మ రొయ్యల కంపెనీకి వెళుతుందని తెలిసింది.

తెల్లారి ఆఫీసులో పరాంకుశం గారు నష్ట నివేదిక నమూనా ఇచ్చి నింపమన్నారు. తడిసిన వస్తువుల కింద రెండే గడులున్నాయి. ఒకదాంట్లో రిజిస్టరు అని రాశాను. రెండో దాంట్లో శాలువా అని రాశాను. స్కేలు తీసుకుని కింద ఇంకో గడి గీశాను. అందులో 'నూకరత్నం చేపలు, మొత్తం' అని రాసి లోపలికి పంపాను.

ఆమోదించిన నమూనాలో అదనంగా గీత గీసినందుకు సంజాయిషీ అడుగుతూ మధ్యాహ్నానికల్లా నాకు మెమో వచ్చింది. గీత పొడవెంతో, ఏ రంగు సిరాతో గీశానో అన్నీ అందులో ఉన్నాయి. చేపల ప్రస్తావన లేదు.